కిడ్నీ మార్చాక కొత్తగా చక్కెర వ్యాధి

ఈ వారం మూడు ఉత్తరాలకు కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. ఒకటి గద్వాల నుంచి, ఒకటి వనపర్తి నుంచి, ఇంకొకటి నాగర్‌కర్నూలు నుంచి వచ్చాయి. రాసినవారు ఒకరినొకరు ఎరగరు. అయినా మూడు ఇళ్లలోనూ వచ్చిపడ్డ చిక్కు ఒక్కటే. మూత్రపిండం మార్పిడి జరిగింది. కొత్త మూత్రపిండం బాగానే పనిచేస్తోంది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో రక్తంలో చక్కెర పెరిగిందన్నారు. అంతకు ముందు ఆ జబ్బు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

ముందు ఉత్తరాల సారాంశం చెబుతాను.

గద్వాల నుంచి ఒక ఇల్లాలు రాశారు: "మా ఆయనకు 39 ఏళ్లు. మగ్గం పని. రెండేళ్లు డయాలిసిస్ మీద ఉన్నారు. నాలుగు నెలల కింద మా అత్తమ్మ తన కిడ్నీ ఇచ్చింది. ఇప్పుడు షుగరు 260 ఉందంటున్నారు. అత్తమ్మకు లోపల షుగరు ఉండి ఉంటుంది, ఆ కిడ్నీతో పాటు వచ్చిందని చుట్టాలు అంటున్నారు. అత్తమ్మ ఆ మాట పట్టుకుని సరిగా అన్నం కూడా తినడం లేదు. ఇది నిజమేనా డాక్టరు గారూ?"

వనపర్తి నుంచి 28 ఏళ్ల యువకుడు: "జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని చాలాకాలం ఎదురుచూశాక నాకు కిడ్నీ దొరికింది. ఆరు నెలలైంది. షుగరు వచ్చింది. టాక్రోలిమస్ గోలీల వల్లనే వస్తుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. పది రోజుల నుంచి రాత్రి గోలీ వేసుకోవడం లేదు. షుగరు కొంచెం తగ్గినట్టే ఉంది. పూర్తిగా మానవచ్చునా?"

నాగర్‌కర్నూలు నుంచి రిటైరైన ఉపాధ్యాయులు: "నా వయసు 61. రెండేళ్ల కింద నా భార్య కిడ్నీ ఇచ్చింది. మూడు నెలల కింద శరీరం కిడ్నీని తిరస్కరిస్తున్నదని చెప్పి స్టిరాయిడ్ మోతాదు పెంచారు. పరగడుపున చక్కెర ఎప్పుడు చూపించుకున్నా 104, 108 వస్తోంది. కాని సాయంత్రానికి నోరు పిడచ కట్టుకుపోతోంది. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి వస్తోంది. నాకు షుగరు ఉన్నట్టా, లేనట్టా?"

ముందు వనపర్తి సోదరుడి సంగతి

ఈ ఉత్తరానికి పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకూడదు. అందుకని ఆయన ఇచ్చిన నంబరుకు అదే రోజు ఫోను చేయించాము. అయినా ఆయనకు చెప్పిన మాటే ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఎందుకంటే ఇదే పని చేయాలని ఆలోచిస్తున్నవారు ఇంకా ఉంటారు.

ఆ మాత్రలు మానకూడదు. పూట తప్పించకూడదు. సగం చేసి మింగకూడదు. మోతాదు మార్చవలసి వస్తే ఆ పని మూత్రపిండాల వైద్యుడు మాత్రమే చేయాలి.

మాత్ర మానిన పది రోజులూ ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపించడం సహజం. తిరస్కారం చప్పుడు చేయకుండా మొదలవుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితేనే తెలుస్తుంది. మూత్రం తగ్గడం, కాళ్లవాపు, రెండు మూడు రోజులలో బరువు పెరగడం, కిడ్నీ పెట్టిన చోట నొప్పి కనిపించేసరికి చాలా నష్టం జరిగి ఉండవచ్చు. చక్కెరకు మందులున్నాయి. పాడైన కిడ్నీ స్థానంలో ఇంకొకటి దొరకడం ఎంత కష్టమో ఆ వరుసలో నిలబడిన ఈ సోదరుడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటికే మానినవారు ఒకటి చేయాలి. వదిలేసిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగరాదు. మార్పిడి చేసిన ఆస్పత్రికి వెంటనే ఫోను చేసి, ఎన్ని పూటలు మానారో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. డాక్టరు కోప్పడతారేమోనని దాచవద్దు. క్రియాటినిన్, రక్తంలో మందు మట్టం చూసి ఏం చేయాలో వారు నిర్ణయిస్తారు.

అసలు ఆ మందులు ఎందుకు?

మన శరీరం తనది కానిదాన్ని గుర్తుపట్టి తరిమేస్తుంది. ఆ గుణం వల్లనే రోగాల నుంచి బతికి బయటపడుతున్నాము. కాని అదే గుణం, అమ్మ ఇచ్చిన కిడ్నీని కూడా పరాయిదిగానే చూస్తుంది.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే చేసిన మార్పిడి ప్రపంచంలో మొదటిసారి విజయవంతమైంది. అక్కడ ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఒకే పోలిక గల కవల సోదరులు. ఒకరి శరీరం ఇంకొకరి శరీరానికి పరాయిది కాదు. కనుక తిరస్కారాన్ని ఆపే మందుల అవసరమే పడలేదు. అటువంటి కవల అందరికీ ఉండడు. తల్లి, భార్య, అన్న, లేదా ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయిన ముక్కూమొగం తెలియని మనిషి, ఎవరి కిడ్నీ అయినా నిలవాలంటే మందులు కావలసిందే.

ఆ మందులలో పాతది స్టిరాయిడ్, అంటే ప్రెడ్నిసలోన్. దీనివల్ల చక్కెర పెరుగుతుందన్న సంగతిని 1964లోనే డాక్టర్ థామస్ స్టార్జ్ల్ మార్పిడి రోగులలో గమనించి రాశారు. 1980ల మొదట్లో సైక్లోస్పోరిన్ వాడకంలోకి వచ్చింది. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో టాక్రోలిమస్‌ను కనుగొన్నారు. తిరస్కారాన్ని అదుపు చేయడంలో ఇది మేలైనదని తేలింది. అందుకే ఇప్పుడు మార్పిడి చేయించుకున్నవారిలో ఎక్కువమంది దీన్నే వాడుతున్నారు. అయితే సైక్లోస్పోరిన్ కంటె దీనివల్ల చక్కెర పెరిగే అవకాశం ఎక్కువ.

చక్కెర ఎలా పెరుగుతుంది?

సీజనులో వనపర్తి, నాగర్‌కర్నూలు మార్కెట్ యార్డులు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి రక్తంలోకి వస్తాయి. దీన్ని యార్డులోకి వచ్చే ధాన్యం అనుకోండి. ఆ బస్తాలు మోసి గోదాముల్లో వేసే హమాలీ ఇన్సులిన్. హమాలీలను పంపించేది కడుపులో ఉండే క్లోమగ్రంథి. కండరాలు, కొవ్వు మొదలైనవి గోదాములు.

టాక్రోలిమస్ క్లోమగ్రంథి మీద పనిచేసి, హమాలీల సంఖ్యను తగ్గిస్తుంది. స్టిరాయిడ్ రెండు పనులు చేస్తుంది. గోదాము తలుపులు సగం మూసేస్తుంది. పైగా కాలేయం నుంచి ఇంకా కొన్ని బండ్ల ధాన్యాన్ని యార్డులోకి తోలిస్తుంది. ఇక బస్తాలు దారిలో పేరుకుపోక ఏం చేస్తాయి?

మూడవ కారణం కొత్త కిడ్నీయే. ఆశ్చర్యంగా ఉన్నా ఇది నిజం. ఇన్సులిన్ పని అయ్యాక దాన్ని కొంత భాగం విరగ్గొట్టి పారేసేది మూత్రపిండమే. పాత కిడ్నీలు చెడిపోయినప్పుడు ఇన్సులిన్ ఎక్కువసేపు రక్తంలో నిలుస్తుంది. దానికి తోడు రోగికి ఆకలి ఉండదు. అందుచేత లోపల దాగి ఉన్న మధుమేహం పైకి కనబడదు. కొత్త కిడ్నీ రాగానే ఇన్సులిన్ మామూలుగా ఖర్చవుతుంది. ఆకలి పుడుతుంది. ఇన్నాళ్లూ వద్దన్నవన్నీ తినవచ్చునంటారు. బరువు పెరుగుతుంది. అంటే కొందరిలో ఇది పూర్తిగా కొత్తది, కొందరిలో దాగి ఉన్నది బయటపడడం. అందుకే పూర్వం దీన్ని "మార్పిడి తరువాత కొత్తగా వచ్చిన మధుమేహం" అనేవారు. 2014లో ప్రపంచ నిపుణులు "కొత్తగా" అన్న మాట తీసేసి, "మార్పిడి అనంతర మధుమేహం" అనమన్నారు.

ఇది అరుదైన సంగతేమీ కాదు. ఆస్పత్రిని బట్టి, మందులను బట్టి లెక్కలు మారుతున్నా, మార్పిడి చేయించుకున్నవారిలో నూటికి 10 నుంచి 30 మందికి ఇది వస్తుందని సాధారణంగా చెబుతారు. నలభై అయిదు దాటినవారు, స్థూలకాయులు, తల్లిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని చక్కెర వ్యాధి ఉన్నవారు, ఆపరేషనుకు ముందే చక్కెర గీత దగ్గర ఉన్నవారు, హెపటైటిస్ సి సోకినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సన్నగా, వయసులో ఉన్నవారికి రాదని మాత్రం అనుకోవద్దు. వనపర్తి సోదరుడే దానికి ఉదాహరణ.

గద్వాల సోదరికి: మీ అత్తమ్మ తప్పు ఏమీ లేదు

చక్కెర వ్యాధి కిడ్నీలో కూర్చుని ఒకరి నుంచి ఇంకొకరికి పాకే జబ్బు కాదు. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమగ్రంథిలో. మీ ఆయన క్లోమగ్రంథి ఆయనదే, దాన్ని ఎవరూ మార్చలేదు. పైగా దానం చేసేవారికి ఆపరేషనుకు ముందు చక్కెర, రక్తపోటు, మూత్రంలో ప్రొటీను, కిడ్నీ పని అన్నీ పరీక్షిస్తారు. మధుమేహం ఉన్నవారిని సాధారణంగా దాతలుగా ఒప్పుకోరు. అవన్నీ దాటాకనే ఆమె ఆపరేషను బల్ల ఎక్కారు.

వంశంలో చక్కెర ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. కాని ఆ గుణం పుట్టుకతో వస్తుంది. కిడ్నీ ఇచ్చినా, ఇవ్వకపోయినా అది మారదు. మీ ఆయనకు చక్కెర పెరగడానికి ముఖ్య కారణం కిడ్నీని కాపాడుతున్న మందులు. ఈ పత్రికను మీ చుట్టాలకు చదివి వినిపించండి. మీ అత్తమ్మను వేళకు అన్నం తినమనండి. ఒక కిడ్నీతో ఉన్న ఆమె కూడా ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోవాలి. మార్పిడి జరిగిన ఇళ్లలో అందరి కళ్లూ పుచ్చుకున్నవారి మీదే ఉంటాయి, ఇచ్చినవారి పరీక్షలు మరిచిపోతారు.

నాగర్‌కర్నూలు మాస్టారికి: పరగడుపు పరీక్ష చాలదు

మీకు చక్కెర ఉండే అవకాశం ఎక్కువ. కాని అది కనబడే వేళలో మీరు పరీక్ష చేయించుకోవడం లేదు.

ప్రెడ్నిసలోన్ ఉదయం పూట వేసుకుంటారు. దాని ప్రభావం వల్ల మధ్యాహ్న భోజనం తరువాత చక్కెర ఎక్కడం మొదలై, సాయంత్రం దాకా ఎక్కువగా ఉంటుంది. రాత్రి గడిచేసరికి దిగిపోతుంది. తెల్లవారి పరగడుపున చూస్తే దాదాపు మామూలుగానే ఉంటుంది. కనుక స్టిరాయిడ్ వాడుతున్నవారు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు, సాయంత్రం రాత్రి భోజనానికి ముందు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే మరీ మంచిది. వారం రోజుల అంకెలు కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపండి. ఆ కాగితం చూస్తే ఏ వేళకు మందు కావాలో ఆయనకు తెలుస్తుంది.

అంకెల విషయం. పరగడుపున 126 గాని అంతకు మించి గాని, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. అతిదాహం, అతిమూత్రం వంటి లక్షణాలతో పాటు ఏ వేళనైనా 200 దాటినా అంతే. లక్షణాలు లేకపోతే ఇంకొక రోజు మళ్లీ చూసి నిర్ధారిస్తారు. మీ 104, 108 కూడా పూర్తిగా మామూలు అంకెలు కావు. 100 నుంచి 125 వరకు ఉన్నది హెచ్చరికే.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష మంచిదే. 6.5 దాటితే మధుమేహం అంటారు. కాని మార్పిడి అయిన తొలి నెలల్లో రక్తహీనత, రక్తం ఎక్కించడం, రక్తం పెంచే ఇంజెక్షన్ల వల్ల ఆ అంకె ఉన్నదానికంటె తక్కువ చూపవచ్చు. ఆ కాలంలో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని చక్కెర లేదని తీర్మానించకూడదు.

ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి? ఆపరేషను అయిన మొదటి నెల రోజులు కనీసం వారానికొకసారి, తరువాత ఏడాది దాకా మూడు నెలలకొకసారి, ఆపైన ఏటా ఒకసారి అన్నది 2009 నుంచి అంతర్జాతీయంగా పాటిస్తున్న పద్ధతి. దీనికి తోడు స్టిరాయిడ్, టాక్రోలిమస్ వంటి మందులు కొత్తగా మొదలుపెట్టినా, బాగా పెంచినా మళ్లీ చూడాలి. మాస్టారి విషయంలో మూడు నెలల కింద జరగవలసింది ఇదే.

ఆపరేషను అయిన కొత్తలో, స్టిరాయిడ్ ఎక్కువగా ఇచ్చే రోజులలో, చాలామందికి చక్కెర పెరుగుతుంది. దానికి అప్పుడే ఇన్సులిన్‌తో వైద్యం చేస్తారు. కాని అది నిలిచిపోయే మధుమేహమా కాదా అన్నది నెలన్నర గడిచి, మందుల మోతాదు ఒక స్థాయికి దిగాకనే చెప్పగలరు. ఆ లోపల "ఇక జన్మంతా ఇంతేనా" అని బెంగపడనక్కరలేదు.

వైద్యం ఏమిటి?

చక్కెర మరీ ఎక్కువగా ఉన్న రోజులలో ఇన్సులిన్ మేలు. ఇన్సులిన్ అంటే జబ్బు ముదిరిందని అర్థం కాదు. ఎంతోమందికి స్టిరాయిడ్ తగ్గిన కొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఇక్కడొక జాగ్రత్త. డాక్టరు స్టిరాయిడ్ తగ్గించినప్పుడు ఇన్సులిన్ కూడా తగ్గించాలేమో అడగండి. పాత మోతాదే పొడిస్తే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు బైర్లు కమ్మడం అందుకు గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ పరీక్ష చూసుకోవాలి. తగ్గకపోతే మళ్లీ తాగాలి.

మాత్రలలో ఎన్నో రకాలున్నాయి. మెట్‌ఫార్మిన్ కిడ్నీ పనితనాన్ని బట్టి ఇవ్వాలి. కొన్ని మాత్రలు చక్కెరను మరీ దించేస్తాయి. కొన్ని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, వాటితో మూత్రనాళంలో చీము పట్టే ప్రమాదం ఉంది కనుక మార్పిడి అయినవారికి చూసి ఇస్తారు. లినాగ్లిప్టిన్ వంటివాటికి కిడ్నీని బట్టి మోతాదు మార్చనక్కరలేదు. ఇవన్నీ చెప్పింది మీరు కొనుక్కోవడానికి కాదు. పక్కింటివారి షుగరు గోలీ మీకు పనికిరాకపోవచ్చునని తెలియడానికి.

టాక్రోలిమస్ తగ్గించడం గాని, సైక్లోస్పోరిన్‌కు మార్చడం గాని, స్టిరాయిడ్ తగ్గించడం గాని చేయవచ్చా? కొందరిలో చేస్తారు. ఒకవైపు చక్కెర, ఇంకొకవైపు తిరస్కారం, రెండూ తూచి మూత్రపిండాల వైద్యుడు నిర్ణయిస్తాడు. నెలకు రెండు మూడు రక్తపరీక్షలు చూసుకుంటూ చేసే పని అది.

చక్కెరను పట్టించుకోకపోతే ఏమౌతుంది? గుండెజబ్బు ముందుగా వస్తుంది. అసలే మందుల వల్ల తగ్గి ఉన్న రోగనిరోధక శక్తి ఇంకా తగ్గి, మూత్రనాళంలో, ఊపిరితిత్తులలో, కాలి పుండ్లలో చీము పడుతుంది. సంవత్సరాలు గడిచేకొద్దీ కొత్త కిడ్నీ కూడా దెబ్బతినవచ్చు. అందుకే ఏటా కళ్లు, పాదాలు, మూత్రంలో ప్రొటీను చూపించుకోవాలి. రక్తపోటు, కొలెస్టరాలు అదుపులో ఉంచుకోవాలి. పొగ తాగరాదు.

తిండి సంగతి

జొన్నరొట్టె ఎన్ని తిన్నా చక్కెర పెరగదని మన ప్రాంతంలో ఒక నమ్మకం. జొన్నలో పీచు ఎక్కువ, అరగడానికి కొంచెం సమయం పడుతుంది. అంతవరకు మంచిదే. కాని జొన్న కూడా పిండిపదార్థమే. నాలుగు రొట్టెలు తింటే చక్కెర పెరగకుండా ఉండదు. రొట్టె రెండుకు తగ్గించి, ఆకుకూర పప్పు, కూర పెంచండి. రాత్రిపూట కంచం నిండా అన్నం వద్దు. మధ్యాహ్నం చక్కెర ఎక్కువగా ఉండేవారు ఆ పూట అన్నమే ముందు తగ్గించాలి.

వేసవిలో కొల్లాపూర్ మామిడిపండ్లు వస్తాయి. అసలు తినవద్దనడం నాకు ఇష్టం లేదు. చక్కెర అదుపులో ఉంటే అన్నం కొంచెం తగ్గించి రెండు మూడు ముక్కలు తినవచ్చు. అదుపులో లేని రోజులలో వద్దు. రసం తీసుకుని తాగడం ఎప్పుడూ వద్దు. పంపరపనస మాత్రం ఒక్క తొన కూడా తినకండి. అది టాక్రోలిమస్ మట్టాన్ని రక్తంలో పెంచుతుంది. కల్లు, సారా జోలికి పోవద్దు.

ఆపరేషను అయిన కొత్తలో పెరిగే ఆకలి కొంత స్టిరాయిడ్ వల్ల వచ్చేది. "ఇన్నాళ్లూ పత్యంతో చిక్కిపోయాడు" అని ఇంట్లోవాళ్లు ప్రేమతో కొసరి వడ్డిస్తారు. వారానికొకసారి బరువు చూసుకోండి. కుట్లు మానాక, డాక్టరు సరేనన్నాక రోజూ అరగంట నడవండి.

తిప్పతీగ, వేపాకు కషాయం, ఊరిలో ఇచ్చే షుగరు చూర్ణాలు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. మార్పిడి అయినవారు వాడరాదు. రోగనిరోధక శక్తిని రేపే గుణం ఉన్న మూలికలు మనకు మేలు చేయవు. మనం మందులు వేసుకునేదే దాన్ని అణచి ఉంచడానికి.

దూరం ఉన్నవారు చేయవలసినవి

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాలలోనే మొదలైంది. అందులో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు అందులోవే. 2016 అక్టోబరులో విడి జిల్లాలయ్యాయి. 2013లో జీవన్‌దాన్ వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. అయినా మార్పిడి చేయించుకున్నవారు నిమ్స్, ఉస్మానియా, గాంధీ వంటి హైదరాబాదు ఆస్పత్రులకే తిరుగుతున్నారు. ప్రతి చిన్నదానికీ అంతదూరం పోలేరు. చక్కెర పరీక్ష మీ ఊళ్లోనే చేయించుకోవచ్చు, రాసిచ్చిన ఇన్సులిన్ మోతాదు చూసుకోవచ్చు. తిరస్కారాన్ని ఆపే మందుల మాట మాత్రం మార్పిడి చేసిన ఆస్పత్రినే అడగాలి. మార్పిడి తరువాతి మందులకు ఆరోగ్యశ్రీలో ఏ సహాయం ఉందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. డబ్బు లేక మాత్రలు మానే పరిస్థితి వస్తే, మానకముందే చెప్పండి.

టాక్రోలిమస్ మట్టం చూసే రోజున తెల్లవారి బస్సు ఎక్కేముందు ఆ మాత్ర వేసుకోకండి. వెంట తీసుకుపోయి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి. రాత్రి మాత్రకు, రక్తం తీయడానికి మధ్య సుమారు 12 గంటలు ఉండాలి. మాత్ర వేసుకుని రక్తం ఇస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే నష్టం మీకే.

ఎండాకాలంలో ఇన్సులిన్ జాగ్రత్త. ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి. ఫ్రిజ్ లేనివారు కొత్త కుండలో తడి ఇసుక పోసి, అందులో మూత ఉన్న డబ్బాలో సీసా ఉంచి నీడపట్టున పెట్టండి. బస్సులో కిటికీ పక్కన, బండి డిక్కీలో పెట్టకండి.

ఏ జబ్బుకైనా ఊళ్లోని డాక్టరు దగ్గరకు పోతే మొదటి మాటగా "నాకు కిడ్నీ మార్చారు" అని చెప్పి మందుల చీటీ చూపండి. ఒళ్లునొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కిడ్నీకి చెరుపు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ వంటివి టాక్రోలిమస్‌ను పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ దాన్ని పడగొడతాయి. విరేచనాలు పట్టుకుంటే కూడా మందు మట్టం పెరగవచ్చు. రెండు రోజులు దాటి విరేచనాలు ఉంటే ఆస్పత్రికి ఫోను చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోయినా, చక్కెర 300 దాటి మగతగా గాని ఆయాసంగా గాని ఉన్నా, జ్వరం వచ్చినా ఆగకుండా దగ్గరి పెద్దాస్పత్రికి పోవాలి.

ఈసారి డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపోండి. అందులో నాలుగు గీతలు గీయండి. మొదటిదాంట్లో తేదీ, రెండవదాంట్లో పరగడుపు చక్కెర, మూడవదాంట్లో మధ్యాహ్న భోజనం తరువాతి చక్కెర, నాలుగవదాంట్లో బరువు, రక్తపోటు రాయండి. కింద, మాత్ర తప్పిన పూటలుంటే దాచకుండా రాయండి. డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. నా స్టిరాయిడ్ మోతాదు ఇప్పుడెంత? టాక్రోలిమస్ మట్టం ఎంత ఉంది, ఎంత ఉండాలి? చక్కెర మందు ఎప్పుడు మళ్లీ చూస్తారు? ఈ మూడింటికి జవాబులు పుస్తకంలో రాసుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చదివి వినిపించండి.